చాప మీద బాదం పూలు, అడుగున రబ్బరు: యోగా మ్యాట్‌ల గురించి మీరు అడిగినవి

2025 జూన్ 21న పదకొండో అంతర్జాతీయ యోగా దినోత్సవం మన విశాఖలోనే జరిగింది కదా. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా దాదాపు 3 లక్షల మంది కూర్చుని ఆసనాలు వేశారు. అప్పటి నుంచి ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో మోకాళ్ల నొప్పులు, థైరాయిడ్‌తో పాటు చాప గురించిన ప్రశ్నలు కూడా బాగా వస్తున్నాయి. అందులోనూ పేరున్న చిత్రకారుల బొమ్మలు అచ్చువేసి, పైన 'పర్యావరణ హితం' అని రాసి అమ్ముతున్న మ్యాట్‌ల గురించి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట పెడితే మిగతావాళ్లకీ పనికొస్తుందని ఈ వారం మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తోంది. నా పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో యోగా మ్యాట్ పంపింది. లేత నీలం మీద తెల్లటి పూల కొమ్మలు, వాన్ గో అనే చిత్రకారుడి బొమ్మట. డబ్బా మీద 'సహజ రబ్బరు, పర్యావరణ హితం' అని ఉంది. చూస్తుంటే ముద్దొస్తోంది గానీ, పొద్దున్నే సూర్య నమస్కారాలు మొదలుపెట్టగానే చేతులు ముందుకి జారిపోతున్నాయి. పైగా మా ఆయన దాన్ని తడిమి చూసి, పైన ఉన్నది ప్లాస్టిక్ గుడ్డే, నిన్ను మోసం చేశారు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీవారు చెప్పింది నిజమేనమ్మా. డబ్బా మీద రాసింది కూడా అబద్ధం కాదు, కానీ సగమే రాశారు. మ్యాట్ అంచుని వేళ్లతో పట్టుకుని పక్క నుంచి చూడండి, రెండు పొరలు కనిపిస్తాయి. కింద నల్లగా, కాస్త బరువుగా, వాసన వేసేది రబ్బరు. పైన మెత్తగా, లేత నూగులా ఉండేది మైక్రోఫైబర్, అంటే చాలా సన్నటి పాలియెస్టర్ పోగులతో చేసిన గుడ్డ. బొమ్మ ఉన్నది ఆ గుడ్డ మీద.

పాలియెస్టరే ఎందుకంటే, ఈ రంగుల బొమ్మలు అచ్చువేసే పద్ధతి దానికి బాగా కుదురుతుంది. ముందు బొమ్మని ఒక కాగితం మీద ప్రత్యేకమైన సిరాతో అచ్చువేస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి సుమారు 200 డిగ్రీల వేడితో నొక్కుతారు, అప్పుడు సిరా ఆవిరై పోగుల్లోకి దూరిపోతుంది. దీన్ని సబ్లిమేషన్ ప్రింటింగ్ అంటారు, కప్పుల మీద ఫొటోలు వేసేది కూడా ఇదే పద్ధతి. ఆ సిరాని పాలియెస్టర్ లోపలికి తీసుకుంటుంది, నూలు తీసుకోదు. అందుకే వేలితో గీకినా రంగు ఊడదు, తడిగుడ్డతో తుడిచినా పోదు. అచ్చయిన తర్వాత ఆ గుడ్డని రబ్బరుకి అతికిస్తారు. కాబట్టి బాదం కొమ్మలు ఇంత స్పష్టంగా, ఇంత నీలంగా మీ చాప మీద ఉన్నాయంటే దానికి కారణం ఆ ప్లాస్టిక్ పోగే. రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చిన భాగం ఒకటి, పెట్రోలియం నుంచి వచ్చిన భాగం ఒకటి. రెండూ కలిపి అతికించాక విడదీసి మళ్లీ వాడుకోవడం దాదాపు జరగని పని. నేను అమ్మేవాళ్లని తప్పుపట్టేది ఇక్కడే: అడుగున ఉన్న రబ్బరు గురించి పెద్ద అక్షరాల్లో రాసి, మీ చెయ్యీ కాలూ తగిలే పైపొర గురించి ఎక్కడో వెనక చిన్న అక్షరాల్లో రాయడం.

అయితే మోసపోయానని బాధపడకండి. పీవీసీ మ్యాట్‌తో పోలిస్తే ఇది నయమే. పీవీసీని మెత్తబరచడానికి చాలాకాలంగా థాలేట్లు అనే రసాయనాలు కలుపుతున్నారు, వాటి గురించి ఆరోగ్య శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. మీ మ్యాట్‌లో ఆ బెడద లేదు. మీరు దీన్ని ఏడెనిమిదేళ్లు వాడితే అమ్మాయి పెట్టిన డబ్బుకీ న్యాయం, భూమికీ అంత భారం తగ్గుతుంది.

ఇక జారడం. ఈ నూగు గుడ్డ స్వభావమే అంత, పొడిగా ఉంటే జారుతుంది, తడి తగిలితే పట్టు వస్తుంది. దీన్ని చెమట ఎక్కువ పట్టే సాధనకి తయారుచేశారు. మన ఊళ్లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పది నిమిషాల్లో ఒళ్లంతా తడిసిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో మీకు ఇంతకన్నా మంచి మ్యాట్ దొరకదు. ఇబ్బంది డిసెంబరు, జనవరి పొద్దుల్లో, ఇంకా చెమట పట్టని మొదటి రెండు మూడు నమస్కారాల్లో. చిన్న స్ప్రే సీసాలో మామూలు నీళ్లు పోసుకుని, అరచేతులు ఆనేచోట, పాదాలు ఆనేచోట రెండేసి సార్లు కొట్టండి, మొత్తం తడపక్కర్లేదు. మోకాళ్ల మీద, మణికట్టు మీద బరువు వేసే ఆసనాల ముందు ఇది తప్పకుండా చెయ్యండి. జారి మణికట్టు బెణికితే మూడు వారాలు సాధన ఆగిపోతుంది.

మీరు అడగలేదు గానీ ఆ బొమ్మ గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. 1890 జనవరి 31న వాన్ గో తమ్ముడు థియోకి కొడుకు పుట్టాడు, బాబుకి అన్న పేరే పెట్టుకున్నారు, విన్సెంట్ అని. అప్పటికి వాన్ గో ఫ్రాన్స్ దక్షిణాన సాన్ రెమీలో ఒక మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఆ కబురు విని, పసివాడి కోసమని, తమ్ముడి వాళ్ల పడకగదిలో పెట్టుకోవడానికి నీలాకాశం మీద బాదం కొమ్మలు వేశాడు. అక్కడ చలికాలం పోకముందే అన్నిటికన్నా ముందు పూసే చెట్టు బాదం. జపాన్ అచ్చుబొమ్మలంటే ఆయనకి ప్రాణం, ఆ కొమ్మల్ని దగ్గరగా, నేల కనపడకుండా, కేవలం ఆకాశం మీద వేసిన తీరు అక్కడి నుంచి వచ్చిందే. అదే ఏడాది జూలైలో 37 ఏళ్లకి ఆయన చనిపోయాడు. ఆ బాబు పెద్దయ్యి ఇంజనీరై, పెదనాన్న బొమ్మల్ని అమ్ముకోకుండా కాపాడి ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం రావడానికి కారణమయ్యాడు. 1973లో తెరిచిన ఆ మ్యూజియంలోనే ఈ బొమ్మ ఇప్పటికీ ఉంది. ఒక పుట్టుకకి కానుకగా వేసిన బొమ్మని మీ పుట్టినరోజుకి మీ అమ్మాయి పంపింది. తెలిసి పంపిందో తెలియక పంపిందో గానీ, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ పిల్లకి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నాకు వాన్ గో వేసిన చుక్కల రాత్రి బొమ్మ ఉన్న మ్యాట్ కొనాలని ఉంది. ఒక చోట టీపీఈ అంటున్నారు, ఒక చోట కార్క్, ఇంకో చోట జనపనార. అన్నిచోట్లా ఎకో ఫ్రెండ్లీ అనే రాస్తున్నారు. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– సీతమ్మధార నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: టీపీఈ అంటే రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్, తల్లీ. తేలిగ్గా ఉంటుంది, వాసన రాదు, ధర తక్కువ, థాలేట్లు ఉండవని చెబుతారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ అది మట్టిలో కలిసిపోతుందని రాస్తే మాత్రం రుజువు అడగాలి. కార్క్ వేరు, పోర్చుగల్ వైపు పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు అది. చెట్టుని కొట్టకుండా తొమ్మిదేళ్లకి ఒకసారి బెరడు వలుస్తారు, మళ్లీ పెరుగుతుంది. చెమటకి పట్టు బాగుంటుంది, కానీ దాని కింద ఏం అతికించారో చూసుకోవాలి, రబ్బరా, టీపీఈనా అని. జనపనార మ్యాట్‌లలో కూడా చాలావాటికి నార మధ్యలో ప్లాస్టిక్ పోత పోస్తారు, లేకపోతే నేల మీద నిలవదు. నార చేతికి గరుకుగా తగిలి మోచేతులు గీసుకుంటాయి, అది నీకు పరవాలేదో లేదో ఒకసారి దుకాణంలో తాకి చూడు.

ఎకో ఫ్రెండ్లీ అని ఎవరు పడితే వాళ్లు రాసుకునే రోజులు పోవాలి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. 'పర్యావరణ హితం', 'సహజం' లాంటి మాట వాడితే దానికి ఆధారం చూపించాలి, ఆ మాట మొత్తం వస్తువుకా, ఒక భాగానికా, పైన చుట్టిన అట్టకా అన్నది స్పష్టంగా చెప్పాలి. కాబట్టి నువ్వు అడగడం తప్పు కాదు, అడగడం నీ హక్కు. అమ్మేవాళ్లకి మెసేజ్ పెట్టి, పైపొర దేనితో చేశారు, అడుగు దేనితో చేశారు, మ్యాట్ బరువు ఎంత అని అడుగు. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే వదిలెయ్. తప్పుడు మాట చెప్పి అమ్మారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు.

బరువు ఎందుకు అడగమన్నానంటే, అబద్ధం చెప్పలేనిది అదొక్కటే. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు సైజు సహజ రబ్బరు మ్యాట్ రెండు కిలోలకి పైగానే తూగుతుంది. 6 మిల్లీమీటర్ల మందం ఉండి కిలోకి అటూ ఇటూగా ఉందంటే అది రబ్బరు కాదు. సిటీ బస్సులో పట్టుకుని ఆంధ్రా యూనివర్సిటీ దాకా రోజూ మోసుకెళ్లేదానివైతే ఆ బరువు కూడా ఆలోచించుకో. ఇంకో మాట, చేతి తొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చే లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు సహజ రబ్బరు జోలికి పోకూడదు.

ఇక నీ చుక్కల రాత్రి. 1889 జూన్‌లో వేసిన ఆ బొమ్మ అసలు వెడల్పు 92 సెంటీమీటర్లు, ఎత్తు 74 సెంటీమీటర్లు, ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. యోగా మ్యాట్ ఏమో 61 సెంటీమీటర్ల వెడల్పు, 183 సెంటీమీటర్ల పొడవు, అంటే ఒకటికి మూడు. ఆ బొమ్మని ఈ చాపలో పట్టించాలంటే పైనా కిందా కత్తిరించి సగం కన్నా తక్కువే మిగల్చాలి, లేకపోతే సాగదీయాలి. కత్తిరిస్తే కింద ఊరు పోతుంది, లేదా పైన చంద్రుడు పోతాడు. సాగదీస్తే ఆ సుడులు కోడిగుడ్డు ఆకారంలోకి మారిపోతాయి. నాకైతే అలా చూడాలనిపించదు. కొనేముందు మ్యాట్ మొత్తం పరిచిన ఫొటో చూడు, మోడల్ అమ్మాయి ఆసనం వేసిన ఫొటో కాదు.

చాప కోసమే పుట్టాయా అనిపించే బొమ్మలు కొన్ని ఉన్నాయి. క్లోద్ మోనే వేసిన కలువ కొలను బొమ్మలు పారిస్‌లో ఒరాంజెరీ మ్యూజియంలో గోడ పొడవునా ఉంటాయి, 2 మీటర్ల ఎత్తు, అందులో సూర్యాస్తమయం బొమ్మ 6 మీటర్ల పొడవు, సరిగ్గా ఒకటికి మూడు. కత్తిరించక్కర్లేదు, సాగదీయక్కర్లేదు. పైగా నీళ్లకి పైన ఏది కింద ఏది అని ఉండదు, ఎటు కూర్చున్నా బాగుంటుంది. ముందు లేఖలోని బాదం కొమ్మలకి కూడా ఆ గుణం ఉంది, ఎక్కడ కత్తిరించినా కొమ్మ కొమ్మే.

ప్రశ్న: నమస్తే అండీ. నాకు గాజువాకలో చిన్న ప్రింటింగ్ షాపు ఉంది, ఫ్లెక్సీలు తగ్గిపోయాక కొత్తగా ఏదైనా చెయ్యాలని చూస్తున్నా. యోగా మ్యాట్‌ల మీద రవివర్మ బొమ్మలు, మన వడ్డాది పాపయ్య గారి బొమ్మలు వేసి అమ్మితే బాగుంటుందని మిత్రులు అంటున్నారు. కాపీరైట్ గొడవ వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మన దేశంలో చిత్రకారుడు చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి, ఆ తర్వాత బొమ్మ అందరిదీ. రవివర్మ 1906లో పోయారు, అమృతా షేర్‌గిల్ 1941లో, రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1925లో. వీళ్ల బొమ్మలకి అడ్డు లేదు. జామినీ రాయ్ 1972లో పోయారు కాబట్టి 2032 చివరిదాకా ఆగాలి. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, అంటే 2052 దాకా ఆయన బొమ్మలకి రక్షణ ఉంటుంది. హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో, వారసుల దగ్గరో ప్రచురణకర్తల దగ్గరో, కనుక్కుని రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఇవ్వాల్సింది ఇచ్చి వేసుకోండి. చట్టం మాట పక్కన పెట్టినా, శ్రీకాకుళంలో పుట్టి మన కశింకోటలో ఉండి జీవితమంతా బొమ్మలు వేసిన మనిషి ఆయన. ఇంట్లోవాళ్లని అడక్కుండా ఆయన బొమ్మ మీద వ్యాపారం చెయ్యడం మన ప్రాంతం వాళ్లకి బాగుండదు. విదేశీ మ్యూజియంల పేరు, ముద్ర కూడా డబ్బా మీద వాడకండి, బొమ్మ అందరిదైనా ఆ పేరు వాళ్లదే.

ఇంకో సలహా ఇవ్వనివ్వండి. రవివర్మ సరస్వతి, లక్ష్మి బొమ్మల్ని మ్యాట్ మీద మాత్రం వెయ్యకండి. కారణం కింద పెదవాల్తేరు మాస్టారి ప్రశ్నలో రాస్తున్నా.

మీరు ప్రింటింగ్ తెలిసినవారు కాబట్టి ఒకటి అడుగుతాను, పాలియెస్టర్ సబ్లిమేషనే ఎందుకు? అది ఇప్పటికే దేశమంతా చేస్తున్నారు, ధరలో మీరు వాళ్లతో నెగ్గలేరు. మందపాటి నూలు జంబుఖానా మీద స్క్రీన్ ప్రింటింగ్ గానీ, చెక్క అచ్చులు గానీ ప్రయత్నించి చూడండి. మైసూరు వైపు యోగా చేసేవాళ్లు మ్యాట్ మీద నూలు జంబుఖానా పరుచుకోవడం ఎప్పటి నుంచో ఉంది. ఉతికితే శుభ్రమవుతుంది, చిరిగితే మట్టిలో కలుస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు గోగునార పండుతుంది, చిట్టివలస జూట్ మిల్లు పేరు వినని విశాఖవాసి ఉండడు, ఆ మిల్లు మూతపడినా ఆ నార పని తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఏటికొప్పాక లక్క బొమ్మల వాళ్లు గింజల నుంచి, వేళ్ల నుంచి, ఆకుల నుంచి రంగులు తీస్తారు, ఆ రంగులు చెక్కకే గానీ గుడ్డకి అచ్చంగా అలాగే పనికిరావు, కానీ ఆ ఎరుపులు, పసుపులు, గీతలు చూసి మీ డిజైన్ మీరే వేసుకోవచ్చు. కొత్తగా బొమ్మలు వేసే పిల్లలు యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంటారు, వాళ్లకి డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటే ఏ గొడవా లేదు. ఇరవై ముక్కలు వేసి ముందు తెలిసినవాళ్లకి ఇచ్చి మూడు నెలలు వాడించండి, ఆ తర్వాతే ధర పెట్టండి.

ప్రశ్న: అమ్మా, నేను పదవీ విరమణ చేసిన డ్రాయింగ్ టీచర్ని. మా కోడలు ఏదో పెద్ద చిత్రకారుడి బొమ్మ ఉన్న మ్యాట్ తెచ్చింది. దాని మీద కాలు పెట్టి నిలబడాలంటే నాకు మనసొప్పడం లేదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకున్న వాళ్లం. ఇది నా చాదస్తమా?
– పెదవాల్తేరు

జవాబు: చాదస్తం కానే కాదు మాస్టారూ. పిల్లలకి జీవితమంతా గీత నేర్పిన చెయ్యి మీది, బొమ్మ మీద కాలు పెట్టడానికి ఆ చెయ్యి వెనక్కి లాగడం సహజం. నాకు కూడా ఈ ప్రశ్న చాలా రోజులు మనసులో తిరిగింది.

నాకు దారి చూపింది ముగ్గు. మన ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి, నడుం వంచి, చుక్క తప్పకుండా ముగ్గు పెడతారు. ధనుర్మాసంలో అయితే గంటసేపు పెడతారు. ఆ ముగ్గు మీదే పాలవాడు నడుస్తాడు, పిల్లలు బడికి పరిగెడతారు, సాయంత్రానికి చెరిగిపోతుంది. పెట్టినావిడ దాన్ని అవమానం అనుకోదు, అది నేల కోసం పుట్టిన బొమ్మ. అదే ఇంట్లో గోడకి ఉన్న సరస్వతి పటం కింద పడితే ఉలిక్కిపడుతుంది. అంటే మనవాళ్లు బొమ్మ మీద కాలు పెట్టకూడదని ఎప్పుడూ అనలేదు, ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో తెలిసి పెట్టారు. కలువలు, బాదం కొమ్మలు, అలలు, ఆకాశం, ఇవి నేల మీద ఉంటే నాకు ఇబ్బంది అనిపించదు, తోటలో నడిచినట్టే ఉంటుంది. దేవుడి రూపం, మనిషి ముఖం, అక్షరం ఉన్నవి మాత్రం నేను పరచను, మా క్లాసులో పరవనివ్వను. చిత్రకారుడు తన ముఖాన్నే వేసుకున్న బొమ్మలు కూడా మ్యాట్‌ల మీద అమ్ముతున్నారు, ఆ ముఖం మీద మడమ పెట్టి నిలబడటం నావల్ల కాదు.

మీకు అప్పటికీ మనసొప్పకపోతే మీ పాత చాపే పరుచుకోండి. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి ఆసనం ఎలా ఉండాలో చెప్పిన చోట దర్భ, జింక చర్మం, గుడ్డ, ఈ మూడే ఉన్నాయి. శుభ్రమైన చోట, కదలకుండా స్థిరంగా, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా ఉండాలన్నారు, అంతే. మీ వయసులో ప్రాణాయామం, కూర్చుని చేసే ఆసనాలే ఎక్కువ కాబట్టి తుంగ చాప మీద మడిచిన దుప్పటి వేసుకుంటే సరిపోతుంది. నిలబడి చేసేవి మాత్రం నున్నటి టైల్స్ మీద చాప వేసి చెయ్యకండి, చాపతో సహా జారుతుంది. వట్టి కాళ్లతో గోడ పక్కన నిలబడి చెయ్యండి. కోడలు తెచ్చిన మ్యాట్‌ని కాదన్నట్టు కాకుండా ఈ మాట నెమ్మదిగా ఆ అమ్మాయికి చెప్పండి, బహుశా తనే వాడుకుంటుంది.

ప్రశ్న: రబ్బరు మ్యాట్ కొని ఏడాది కాలేదు, అప్పుడే వాసన, అంచుల్లో పగుళ్లు. వారం వారం సబ్బుతో కడిగి డాబా మీద ఎండలో ఆరేస్తున్నాను. అయినా ఇలా అయ్యిందేమిటి?
– మధురవాడ

జవాబు: ఎండలో ఆరేయడం వల్లే అయ్యిందమ్మా. సహజ రబ్బరుకి ఎండ, గాలిలోని ఓజోన్ రెండూ శత్రువులే, దాని లోపలి గొలుసులు తెగిపోయి పెళుసెక్కుతుంది. నాకు మొదటి రబ్బరు మ్యాట్ అమ్మిన దుకాణంలో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. మే నెలలో నాలుగు రోజులు డాబా మీద ఆరేసేసరికి మడతపెట్టిన చోటల్లా చీలికలు వచ్చాయి. ఎంత ఇష్టపడి కొన్నానో, చాలా బాధేసింది. రంగు కూడా వెలుస్తుంది. వాన్ గో వాడిన కొన్ని ఎరుపు రంగులే వెలుతురుకి వెలిసిపోయాయి, ఆయన పడకగది బొమ్మలో ఊదా గోడలు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. ఇక అచ్చు సిరా డాబా ఎండకి ఎంత తట్టుకుంటుంది?

సాధన అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద, నీడలో కుర్చీ వీపు మీద వేసి ఆరనివ్వండి. సముద్రం గాలికి మన ఇళ్లలో ఏదీ తొందరగా ఆరదు, వానాకాలంలో అయితే రాత్రంతా పట్టొచ్చు, పూర్తిగా ఆరకుండా చుట్టి బీరువా పక్కన నిలబెడితే బూజు, వాసన ఖాయం. చుట్టేటప్పుడు బొమ్మ బయటికి వచ్చేలా చుట్టండి, పరిచినప్పుడు అంచులు పైకి లేవవు. నూగు గుడ్డ ఉన్న మ్యాట్‌ని వాషింగ్ మెషిన్‌లో తరచూ వెయ్యకండి, ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి పోతాయి, మన ఊరి నీళ్లు చివరికి పోయేది సముద్రంలోకే. నెలకి ఒకసారి కొద్దిపాటి సబ్బునీళ్లతో తుడిస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, నూనె. ఆదివారం ఒళ్లంతా నువ్వుల నూనె రాసుకుని తలంటుకి ముందు కాసేపు ఆసనాలు వేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. రబ్బరు నూనెని పీల్చుకుని ఉబ్బి మెత్తబడిపోతుంది, తర్వాత పొరలు ఊడతాయి. ఆ రోజు పాత దుప్పటి మీద చెయ్యండి.

ప్రశ్న: నా దగ్గర ఆరేళ్ల నాటి ఊదా రంగు పీవీసీ మ్యాట్ ఉంది. పీవీసీ మంచిది కాదని చదివాక దాని మీద పడుకోవాలంటే భయమేస్తోంది. సంక్రాంతికి భోగి మంటలో వేసేసి మంచి ఎకో మ్యాట్ కొనుక్కుందామనుకుంటున్నా.
– అక్కయ్యపాలెం

జవాబు: భోగి మంటలో వెయ్యొద్దు, దయచేసి వెయ్యొద్దు. పీవీసీ కాలితే ఘాటైన ఆమ్ల వాయువు వస్తుంది, డయాక్సిన్లు అనే విషాలు పుట్టొచ్చు. ఆ మంట చుట్టూ చంటిపిల్లలు, పెద్దవాళ్లు నిలబడి చలి కాచుకుంటారు. చెత్తబండిలో వేస్తే కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా వెళ్తుంది, అక్కడా అది కరగదు.

మ్యాట్ చిరగలేదు, జారడం లేదు, జిగురు జిగురుగా అవ్వలేదు అంటే ఇంకో రెండేళ్లు వాడండి. మీరు కొనబోయే ఎకో మ్యాట్‌ని కూడా ఎక్కడో తయారుచేసి లారీలో తేవాలి కదా. ఒంటికి తగలకుండా ఉండాలంటే పైన నూలు దుప్పటో జంబుఖానానో పరుచుకోండి, బొమ్మ కావాలనిపిస్తే ఆ గుడ్డ మీద మీకు నచ్చింది కుట్టించుకోండి, శవాసనంలో ముఖానికి కూడా మెత్తగా ఉంటుంది.

నిజంగా పాడైపోయాక కత్తెరతో కోయండి. గ్రైండర్ కింద ఒక ముక్క పెడితే గడగడ శబ్దం తగ్గుతుంది, వాషింగ్ మెషిన్ కాళ్ల కింద నాలుగు ముక్కలు, గ్యాస్ సిలిండర్ కింద తుప్పు మరక పడకుండా ఒకటి, కుండీల దగ్గర మోకాళ్లు ఆన్చి పని చేసుకోవడానికి ఒకటి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి.